వస్తువులన్నీ తీసేస్తే స్థలం మిగులుతుందా?

ప్రపంచంలోని వస్తువులన్నిటినీ తీసేస్తే స్థలం మిగులుతుందా? ఏదీ కదలని, ఏదీ మారని చోట కాలం గడుస్తుందా? భారతీయ దర్శనాల్లో వైశేషికుల లెక్కలో ద్రవ్యాలు తొమ్మిది. భూమి, నీరు, తేజస్సు, వాయువుల సరసనే ఆకాశం, కాలం, దిక్కు కూడా ద్రవ్యాలుగా నిలుస్తాయి; ఆత్మ, మనస్సు చివరివి. కాలం ఒక్కటే, సర్వవ్యాపి, నిత్యం అన్న ఆ సిద్ధాంతాన్ని 17వ శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో పొందికగా కూర్చాడు. తర్కం నేర్చుకోబోయేవారు నేటికీ ముందుగా చదివేది ఆ చిన్న గ్రంథాన్నే. ఆయనకు ముందే వంగదేశంలో రఘునాథ శిరోమణి దిక్కాలాలు వేరే ద్రవ్యాలు కావని, అవి ఈశ్వరుడికి భిన్నం కావని వాదించాడు. సంప్రదాయం లోపల నిలబడే అంత సాహసం చేసినవాణ్ణి మనం ఇంకా ఎక్కువగా చదవాలి.

ఐరోపాలో 1687 నాటి ప్రిన్సిపియాలో న్యూటన్ స్థలకాలాలు వస్తువులతో నిమిత్తం లేకుండా ఉంటాయన్నాడు. తాడుకు వేలాడే నీళ్ళ బొక్కెనను మెలితిప్పి వదిలితే కాసేపటికి నీళ్ళూ దానితోపాటే తిరుగుతాయి. అప్పుడు నడుమ గుంటపడి అంచుల్లో పైకి లేస్తాయి. బొక్కెనా నీళ్ళూ ఒకే వేగంతో తిరుగుతున్నప్పుడు ఆ గుంట ఎందుకు? నీళ్ళు నిరపేక్ష స్థలంలో తిరుగుతున్నాయి కాబట్టే అన్నది ఆయన జవాబు. లైబ్నిజ్ ఒప్పుకోలేదు. ఒకేసారి ఉన్న వస్తువుల మధ్య వరసే స్థలమనీ, ఒకదాని తర్వాత ఒకటి జరిగేవాటి వరసే కాలమనీ న్యూటన్ పక్షాన నిలిచిన శామ్యూల్ క్లార్క్‌కు 1715-16లో ఉత్తరాలు రాశాడు. విశ్వాన్నంతా ఉన్నదున్నట్టు పక్కకు జరిపితే తేడా ఎలా తెలుస్తుంది? వాదం తేలకముందే లైబ్నిజ్ కన్నుమూశాడు. ఈ చరిత్రకంతటికీ గుండెకాయ ఆ ఉత్తరాలేనని నా నమ్మకం.

శక్తి ఈ చర్చలోకి ఆలస్యంగా వచ్చింది. 1840లలో మేయర్, జౌల్, హెల్మ్‌హోల్ట్జ్ శక్తి నిత్యత్వాన్ని నిలబెట్టారు. 1905లో ఐన్‌స్టీన్ ద్రవ్యరాశికీ శక్తికీ ముడివేశాడు. 1908లో మింకోవ్‌స్కీ స్థలాన్నీ కాలాన్నీ ఒకటి చేశాడు. 1915 నాటికి పదార్థం, శక్తి, స్థలం, కాలం నాలుగూ ఐన్‌స్టీన్ చేతిలో ఒకే సమీకరణంలో చేరాయి. పదార్థం, శక్తి స్థలకాలాన్ని వంచుతాయి; ఆ వంపును బట్టి అవి కదులుతాయి. గాటింగెన్‌లో జీతం లేకుండా పాఠాలు చెబుతున్న ఎమ్మీ నోథర్ 1918లో ఇంకా లోతుకు వెళ్ళింది. ప్రకృతి నియమాలు నిన్నా నేడూ ఒకేలా ఉండబట్టే శక్తి నిత్యత్వం సాధ్యమైందని గణితంతో నిరూపించింది. కాలానికీ శక్తికీ ఉన్న బంధాన్ని ఇంత స్పష్టంగా చూపిన ఫలితం మరొకటి లేదు.

పదార్థం లేకపోతే స్థలానికి రూపమే ఉండకూడదని ఐన్‌స్టీన్ ఆశించాడు. 1917లో డి సిట్టర్ ఆ సమీకరణాలతోనే పదార్థం లేని విశ్వాన్ని గీసి చూపాడు. 2015 సెప్టెంబరు 14న లైగో పరికరాలు పట్టిన గురుత్వ తరంగాలు మరో సాక్ష్యం. రెండు కృష్ణబిలాలు కలిసిపోయినప్పుడు సుమారు 3 సూర్యుల ద్రవ్యరాశికి సమానమైన శక్తి స్థలకాల కంపనాలుగా వెలువడింది. శక్తిని మోసుకుపోగలిగినదాన్ని వట్టి వరస అనడం కష్టం. ఇక్కడ లైబ్నిజ్ కన్నా వైశేషికులే సత్యానికి దగ్గరగా ఉన్నారనిపిస్తుంది. అయితే వాళ్ళు ఊహించిన ద్రవ్యం నిశ్చలం. ఇది వంగుతుంది, సాగుతుంది, కంపిస్తుంది.