జామీను నిలబడ్డ బూట్ల పనివాడు

1841లో అమెరికాలోని బోస్టన్ కోర్టులో ఒక తాగుబోతుకు శిక్ష పడబోతోంది. బూట్లు కుట్టే జాన్ ఆగస్టస్ అతనికి జామీను నిలబడ్డాడు. మూడు వారాలకు తాగుడు మాని వస్తే, కోర్టువాళ్లే పోల్చుకోలేకపోయారు! ఒక్క సెంటు జుల్మానా, ఖర్చులతో సరిపోయింది.

ఆగస్టస్ ఊరికే జామీను ఉండలేదు. ముద్దాయి నడత, వయసు, సావాసం విచారించేవాడు, పని చూపించేవాడు. 1859లో చనిపోయేలోగా 1,900 మందికి పైగా ఆదుకున్నాడు. 1878లో మసాచుసెట్స్ రాష్ట్రం జీతమిచ్చి ప్రొబేషన్ అధికారిని పెట్టుకునే చట్టం చేసింది.

మనకూ 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉంది. యావజ్జీవం పడే నేరం కాకపోతే, 21 ఏళ్లలోపు కుర్రవాణ్ణి జైలుకు పంపడానికి కోర్టు కారణం రాయాలి. బిడ్డ తప్పుచేస్తే సిగ్గుపడి తలుపేసుకోకండి. వకీలును ఈ సంగతి అడగండి. పక్కన నిలబడే మనిషి ఉంటేనే పిల్లవాడు దారికొస్తాడు.