మందుకు ముందొక పరీక్ష

బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం పల్లెల్లో చాలామందికి ఇంటి మాట తెలుగు, బడి చదువు కన్నడం. జబ్బు ముదిరితే మాత్రం అందరి దారీ బెంగళూరే. ఎన్నాళ్ళకూ తగ్గని దగ్గుతో బస్సెక్కినవాళ్ళలో చాలామంది నిమ్హాన్స్ దగ్గరున్న ఛాతీ జబ్బుల ఆసుపత్రికి చేరతారు. జనం నోట అది టీబీ ఆసుపత్రి. 1973లో ఏర్పడిన కిద్వాయి క్యాన్సర్ సంస్థ కూడా ఆ చుట్టుపక్కలే. ఒకచోటి నుంచి మరోచోటికి నడిచే పోవచ్చు. అయినా ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన మనిషి ఆ కాస్త దూరం దాటడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది. దగ్గు, కఫంలో రక్తం, చిక్కిపోవడం, ఎక్స్‌రేలో మచ్చ, ఇవన్నీ రెండు జబ్బులకూ ఉంటాయి. టీబీ ఎక్కువగా ఉన్న దేశంలో డాక్టరుకు ముందు తోచేది టీబీయే. కఫంలో క్రిమి కనబడకపోయినా టీబీ మందులు మొదలవుతాయి. ఆ మందులు అయిపోయేలోపు కణితి ముదురుతుంది.

ఆలస్యంగానైనా క్యాన్సర్ అని తేలాక ఎదురయ్యే ప్రశ్న మరొకటి: ఈ మనిషికి ఏ మందు పనిచేస్తుంది? మందు ఇచ్చి చూడటం తప్ప దానికి జవాబు చెప్పే దారి చాలాకాలం ఎవరికీ లేదు. ఆ జవాబు దొరికిన కథ నాకు ఈ కాలపు వైద్యంలోకెల్లా గొప్ప కథల్లో ఒకటి.

అది ఎలుక పిల్లలతో మొదలైంది. అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ ఎలుకల లాలాజల గ్రంథుల నుంచి తీసిన పదార్థాన్ని అప్పుడే పుట్టిన పిల్లలకు ఎక్కించి చూశాడు. రెండు వారాలకు తెరుచుకోవాల్సిన కళ్ళు వారానికే తెరుచుకున్నాయి. ఏదో ఒక పదార్థం చర్మ కణాలను త్వరగా ఎదిగేలా చేస్తోందని అతనికి అర్థమైంది. 1962లో దాన్ని శుద్ధి చేసి లోకానికి చూపించాడు. అదే ఈజీఎఫ్. ఈ పనికే 1986లో రీటా లెవీ మోంటాల్చినీతో కలిసి నోబెల్ అందుకున్నాడు. కణం పైపొరలో ఈజీఎఫ్‌ను అందుకునే ప్రోటీన్ పేరు ఈజీఎఫ్ఆర్. ఈజీఎఫ్ తగిలితే కణం చీలి రెండవుతుంది, తగలకపోతే ఊరుకుంటుంది. ఊపిరితిత్తుల కణితుల్లో ఈ ప్రోటీన్ ఎక్కువగా కనబడటంతో, దాన్ని అడ్డుకుంటే కణితి ఆగుతుందని మందుల కంపెనీలు ఆశపడ్డాయి. అలా ఆస్ట్రాజెనెకా తయారుచేసిన మాత్ర జెఫిటినిబ్. జపాన్‌లో 2002లో, అమెరికాలో 2003లో దానికి అనుమతి వచ్చింది.

అమెరికా పరీక్షల్లో ఆ మాత్రకు కణితి కరిగింది సుమారు పదిమందిలో ఒకరికే. మిగతా తొమ్మండుగురికి అంత ఫలితం లేదు. కానీ ఆ ఒక్కరి విషయంలో డాక్టర్లు తమ కళ్ళను తామే నమ్మలేకపోయారు. మంచం పట్టిన మనిషి కొద్ది వారాల్లోనే లేచి తిరిగేవాడు. ఎవరా ఒక్కరు? పొగ తాగనివాళ్ళు, ఆడవాళ్ళు, జపాన్ వాళ్ళు, అడినోకార్సినోమా రకం కణితి ఉన్నవాళ్ళు అందులో ఎక్కువ. కారణం మాత్రం ఎవరికీ తెలియలేదు.

బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో థామస్ లించ్, డేనియల్ హేబర్ల బృందం మందు బాగా పనిచేసిన 9 మంది కణితి ముక్కల్లో ఈజీఎఫ్ఆర్ జన్యువును అక్షరం అక్షరం చదివింది. 8 మందిలో మార్పులు దొరికాయి. మందు పనిచేయని 7 మందిలో ఒక్కరికీ లేవు. అదే ఊళ్ళోని డానా ఫార్బర్ సంస్థలో మాథ్యూ మేయర్సన్, పాసి యానె, విలియం సెల్లర్స్ తదితరుల బృందం వేరే దారిలో వెళ్ళి అక్కడికే చేరింది. వాళ్ళు చూసిన జపాన్ రోగుల కణితులు 58లో పదిహేనింటికి ఆ మార్పు ఉంది, అమెరికా రోగుల 61లో ఒక్కదానికే. రెండు పరిశోధనలూ 2004 ఏప్రిల్ చివర ఒకేసారి వెలువడ్డాయి. న్యూయార్క్‌లో విలియం పావో, హెరాల్డ్ వార్మస్ల బృందం కూడా అదే ఏడు, పొగ తాగనివాళ్ళ కణితుల్లో ఇవే మార్పులు ఎక్కువని చూపింది.

మార్పుల్లో ఎక్కువ భాగం రెండు చోట్లే: జన్యువులో ఎక్సాన్లనే భాగాల్లో 19వ ఎక్సాన్‌లో కొన్ని అక్షరాలు ఊడిపోవడం, 21వ ఎక్సాన్‌లో ఒక అక్షరం మారడం. స్టార్టరు ఇరుక్కుపోయిన బోరు మోటారు మనిషి లేకుండానే తిరుగుతున్నట్టు, ఈ మార్పు వచ్చిన ఈజీఎఫ్ఆర్ బయటి కబురుతో పనిలేకుండా కణాన్ని చీలుస్తూనే ఉంటుంది. కణితి ప్రాణమంతా దానిమీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి దాన్ని ఆపగానే కణితి కుదేలవుతుంది. ప్రోటీన్ ఎంత ఎక్కువగా ఉందన్నది ముఖ్యం కాదని, జన్యువులో మార్పు ఉందా లేదా అన్నదే అసలు గుర్తని అప్పుడు తేలింది.

గుర్తు దొరికిన ఏడాదే మందు ఓడిపోయింది. ఎవరికి మార్పు ఉందో చూడకుండా దాదాపు 1,700 మందిపై జరిపిన పెద్ద పరీక్షలో అది ఆయుష్షు పెంచినట్టు రుజువు కాలేదని 2004 డిసెంబరులో తెలిసింది. మరుసటి ఏడాది అమెరికా దాని వాడకాన్ని దాదాపు మూసేసింది. దాన్ని నిలబెట్టింది ఆసియా. హాంకాంగ్ డాక్టరు టోనీ మాక్ నడిపించిన ఐపాస్ పరీక్ష ఫలితాలు 2009లో వచ్చాయి. మార్పు ఉన్నవాళ్ళలో 71 శాతం మందికి జెఫిటినిబ్‌తో కణితి తగ్గింది. మార్పు లేనివాళ్ళలో తగ్గింది ఒక్క శాతానికే, వాళ్ళకు మామూలు కీమోయే మెరుగు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, పరీక్ష చేయకుండా మాత్ర రాయడం ఎంత అన్యాయమో వేరే చెప్పనక్కర్లేదు. 2015లో అమెరికా ఆ మాత్రను మళ్ళీ అనుమతించింది, ఈసారి జన్యు పరీక్షతో జతచేసి.

మన దేశం సంగతి. ముంబయి టాటా మెమోరియల్ బృందం 900 మందికి పైగా భారతీయుల అడినోకార్సినోమాలను పరీక్షించి 2013లో ప్రచురించిన లెక్క ప్రకారం 23 శాతం మందిలో ఈజీఎఫ్ఆర్ మార్పు ఉంది. అంటే నలుగురిలో దాదాపు ఒకరు. జెఫిటినిబ్‌కు ఇక్కడ పేటెంటు రాలేదు. అందువల్ల హైదరాబాదు నాట్కో ఫార్మా లాంటి కంపెనీలు తక్కువ ధరకు మాత్ర తయారుచేయగలిగాయి. టాటా మెమోరియల్లోనే వనితా నొరోన్హా, కుమార్ ప్రభాష్ బృందం మార్పు ఉన్న 350 మందిపై జెఫిటినిబ్‌కు కీమో జోడించి చూసింది. జబ్బు మళ్ళీ ముదరకుండా నిలిచిన కాలం 8 నెలల నుంచి 16 నెలలకు పెరిగింది. ఖరీదైన కొత్త మందు లేకుండా, అందుబాటులో ఉన్నవాటితోనే సాధించిన ఫలితమిది. దీన్ని నేను మనసారా మెచ్చుకుంటాను.

కణితి ఊరుకోదు. ఏడాది అటూ ఇటూగా, చాలాసార్లు టీ790ఎం అనే కొత్త మార్పు తెచ్చుకుని, మాత్రను తప్పించుకుంటుందని 2005లో కనుక్కున్నారు. దానికి విరుగుడుగా ఒసిమెర్టినిబ్ 2015లో వచ్చింది. కానీ ఆ మార్పు ఉందో లేదో చూడాలంటే ఊపిరితిత్తిలోకి మళ్ళీ సూది గుచ్చాలి. ఆయాసపడే మనిషికి అది నరకం. ఇక్కడ రక్తం ఆదుకుంది. రక్తంలో కణాల బయట జన్యు పదార్థం తేలుతూ ఉంటుందని ఫ్రాన్సులో మాండెల్, మెతే 1948లోనే చెప్పారు. క్యాన్సర్ రోగుల రక్తంలో అది ఎక్కువని 1977లో గమనించారు. ఇన్నాళ్ళ తర్వాత 2016లో, రక్తం నుంచే ఈజీఎఫ్ఆర్ మార్పును పట్టే పరీక్షను అమెరికా తొలిసారి అనుమతించింది. రక్తంలో దొరికితే నమ్మవచ్చు. దొరకకపోతే మాత్రం ముక్క తీసి చూడక తప్పదు.

ఈజీఎఫ్ఆర్ వెనకే ఆల్క్ అనే మరో జన్యువులోని మార్పు వెలుగులోకి వచ్చింది. జపాన్‌లో హిరోయుకి మానో 2007లో కనుక్కున్న ఈ మార్పుకు నాలుగేళ్ళలో మందు వచ్చింది. తర్వాత రాస్1 అనే జన్యు మార్పు, ఒంటి రక్షణ శక్తినే కణితి మీదికి ఉసిగొలిపే ఇమ్యునోథెరపీ ఎవరికి పనికొస్తుందో చెప్పే పీడీ ఎల్1 అనే గుర్తు వచ్చాయి. ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్న కణితికి ఇమ్యునోథెరపీ సాధారణంగా అంతగా పనిచేయదు కాబట్టి, లక్షలు ఖర్చుపెట్టే ముందు ఈ గుర్తులన్నీ చూడాలి.

జబ్బును ముందే పట్టే రక్త పరీక్ష కోసం పరిశోధన జోరుగా సాగుతోంది. అయితే అసలు కణితి ఉందని తేల్చడానికి నేటికీ ఆధారం స్కాన్, ముక్క పరీక్షలే. ‘ఒక్క చుక్క రక్తంతో క్యాన్సర్ తేలుస్తాం’ అనే ప్రకటనలకు డబ్బు కట్టకండి.

చిక్కబళ్ళాపురం జిల్లాలో రాళ్ళ క్వారీలు, క్రషర్లు ఉన్నాయి. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1997లోనే తేల్చింది. కట్టెల పొయ్యి పొగ పీల్చిన ఆడవాళ్ళూ మన పల్లెల్లో ఎందరో. బీడీ ముట్టనివాళ్ళకు ఈ జబ్బు రాదనుకోవద్దు. టీబీ మందులు వాడుతున్నా దగ్గు తగ్గకపోతే, కఫంలో క్రిమి దొరక్కపోతే, సీటీ స్కాన్ సంగతి డాక్టరును అడగండి. క్యాన్సరని తేలితే మొదటి మందు మొదలుపెట్టక ముందే ఈజీఎఫ్ఆర్, ఆల్క్ పరీక్షలు చేయించారా అని అడగండి. పొగ తాగేవారైనా సరే అడగండి, వాళ్ళలోనూ కొందరికి ఈ మార్పులుంటాయి. ముక్క పరీక్ష చేసిన ల్యాబు నుంచి కణితి ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులు, స్లైడ్లు తెచ్చి భద్రంగా ఉంచుకోండి. పై ఆసుపత్రికి పోయినప్పుడు ముందుగా అడిగేది వాటినే.