బాధ్యతకూ అధికారానికీ నడుమ ఆటస్థలం: గోదావరి సీమ స్థానిక పాలనలో సామూహిక వినోదం

వ్యాససంగ్రహం

స్థానిక సంస్థల చరిత్రను ఎన్నికలు, పదవులు, నిధుల కోణం నుంచి రాయడం పరిపాటి. వాటి సమావేశాల్లో నెలనెలా నడిచే సాధారణ వ్యవహారం ఆ చరిత్రలో అరుదుగా కనిపిస్తుంది. వీధిదీపాలు, మురుగుకాలువలు, రేవు పాటలు, ఆటస్థలం కోసం యువకులు పెట్టుకున్న అర్జీలు ఆ వ్యవహారంలో భాగాలు. రాజమహేంద్రవరం పురపాలక సంఘం నుంచి పోలవరం పునరావాస కాలనీల వరకు, సామూహిక వినోదానికి స్థానిక పాలనా చట్టాలు ఇచ్చిన స్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ చట్టాలలో వినోదం విధిగా కాక విచక్షణాధికారంగానే కొనసాగిందనీ, అది కనీస సౌకర్యంగా మారింది ప్రజలు ఊరు కోల్పోయిన సందర్భంలోనేననీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్థానిక స్వపరిపాలన, పురపాలక సంఘం, గ్రామ పంచాయతీ, ఆటస్థలం, పురమందిరం, పోలవరం, పునరావాసం.

ఉపోద్ఘాతం

గ్రామ పంచాయతీ తీర్మానాల పుస్తకం సాహిత్యగ్రంథం కాదు. కాని ఒక ఊరు తనకు ఏది అవసరమని భావించిందో, ఆ అవసరాలలో దేనిని ముందు పెట్టుకుందో అందులో నమోదవుతుంది. నీరు, వెలుగు, దారి మొదట వస్తాయి. ఆట, పాట, పఠనం తరువాత వస్తాయి. ఈ వరుసను ప్రజల అభిరుచి ఒక్కటే నిర్ణయించలేదు. ఏ పని విధి, ఏ పని ఐచ్ఛికం అన్నది చట్టం ముందుగానే విభజించి పెట్టింది. ఆ విభజన ఎలా ఏర్పడింది, గోదావరి తీరంలో దాని ఫలితం ఏమిటి అన్నవి ఈ వ్యాసానికి మూలప్రశ్నలు.

1. పురపాలక సంఘం తొలి బాధ్యతలు

మద్రాసు రాజధానిలో 1865 నాటి పట్టణాభివృద్ధి చట్టాన్ని అనుసరించి 1866లో రాజమహేంద్రవరం, కాకినాడ, ఏలూరు పురపాలక సంఘాలు ఏర్పడ్డాయి. ఈ చట్టం ఉద్దేశం ప్రధానంగా పారిశుద్ధ్యం, రహదారులు. పోలీసు ఖర్చులో అధిక భాగాన్ని కూడా పట్టణప్రజల పన్నుల మీదనే మోపింది. 1871 నాటి చట్టం పోలీసు భారాన్ని తొలగించి, విద్య, వైద్యం, టీకాల వంటి పనులను పురపాలక సంఘాలకు అప్పగించింది. 1882లో లార్డ్ రిప్పన్ స్థానిక స్వపరిపాలనా తీర్మానం తరువాత, 1884 నాటి జిల్లా పురపాలక సంఘాల చట్టం ఎన్నికైన సభ్యులకు ఎక్కువ చోటు కల్పించింది. 'ది హిందూ' పత్రిక స్థాపకులలో ఒకరైన న్యాపతి సుబ్బారావు పంతులు రాజమహేంద్రవరం పురపాలక సంఘానికి అధ్యక్షులుగా పనిచేశారు.

ఈ మూడు చట్టాల క్రమంలో ఒక విషయం స్పష్టమవుతుంది. పాలకుల దృష్టిలో పట్టణం మొదట వ్యాధులు ప్రబలే చోటు, తరువాత పన్ను చెల్లించే చోటు. పట్టణవాసి తీరిక వేళ ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడ ఆడుకోవాలి అన్న ప్రశ్నకు ఆ లెక్కలో ప్రాధాన్యం దక్కలేదు.

2. పురమందిరం: దాత సమకూర్చిన సభాస్థలం

ప్రజలు కలుసుకోవడానికి చోటు కావాలన్న అవసరం మాత్రం అప్పటికే బలంగా ఉంది. కందుకూరి వీరేశలింగం 1874లో 'వివేకవర్ధని' పత్రికను ప్రారంభించారు. 1880లో తన 'వ్యవహార ధర్మబోధిని'ని రాజమహేంద్రవరంలో ప్రదర్శింపజేశారు. పత్రికకు పాఠకులు, నాటకానికి ప్రేక్షకులు ఏర్పడిన తరువాత వారందరూ కూడుకునే సభాస్థలం కావలసివచ్చింది. 1890లో వీరేశలింగం సొంత ధనంతో పురమందిరాన్ని నిర్మించారు. పురపాలక సంఘం ఏర్పడి అప్పటికి ఇరవైనాలుగేళ్లు.

గ్రంథాలయాల చరిత్ర కూడా ఇటువంటిదే. నాళం కృష్ణారావు 1898లో వసురాయ గ్రంథాలయాన్ని స్థాపించారు. అది రత్నకవి గ్రంథాలయంతో కలిసి గౌతమీ గ్రంథాలయంగా ఎదిగింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడిన తరువాత పఠనమందిరాలు గ్రామాలకూ వ్యాపించాయి. వాటికి ఆధారం చందాలు, విరాళాలు, ఒకరిద్దరు ఉత్సాహవంతుల శ్రమ. గ్రంథాలయానికి పన్ను రూపంలో నికరమైన ఆధారం దొరకడానికి 1948 నాటి మద్రాసు పౌరగ్రంథాలయాల చట్టం రావలసివచ్చింది.

ఇక్కడ గ్రంథాలయానికీ ఆటస్థలానికీ దారులు వేరయ్యాయి. గ్రంథాలయం వెనుక ఒక ఉద్యమం ఉంది. దానికి సంఘాలు, మహాసభలు, పత్రికలు ఉన్నాయి. అందువల్ల అది సెస్సు సాధించుకోగలిగింది. ఆటస్థలం వెనుక అటువంటి ఉద్యమం లేదు. అది ఏ ఊరి అర్జీగా ఆ ఊరిలోనే ఉండిపోయింది.

3. రేవు, సంత, తిరునాళ్లు

పట్టణం వెలుపల పరిస్థితి మరొక విధంగా ఉండేది. 1884 నాటి స్థానిక బోర్డుల చట్టం జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, యూనియన్ అనే మూడు అంచెలను ఏర్పరచింది. ఇంటిపన్ను వసూలు చేసి వీధులు శుభ్రం చేయించడం, దీపాలు పెట్టించడం, బావులు, కాలువలు చూసుకోవడం యూనియన్ పంచాయతీల పని. 1907లో హెమింగ్‌వే కూర్చిన గోదావరి జిల్లా గెజిటీర్ స్థానిక స్వపరిపాలనకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించింది.

పోలవరం అప్పట్లో తాలూకా కేంద్రం. ఎగువన పాపికొండలు, దిగువన డెల్టా మైదానం. కొండల నుంచి వచ్చే సరుకుకూ మైదానం నుంచి వెళ్లే సరుకుకూ నది దారి. ఇటువంటి చోట రేవు పాట, సంత పాట స్థానిక సంస్థల సమావేశాల్లో సహజంగా చర్చకు వచ్చే అంశాలు, ఎందుకంటే అవి రాబడి తెచ్చే పనులు. తిరునాళ్లూ అంతే. పోలవరం మండలంలోని పట్టిసం వద్ద, నది నడుమ దేవకూట పర్వతం మీద వెలసిన వీరభద్రస్వామి ఆలయానికి మహాశివరాత్రినాడు వేలాది భక్తులు పడవలపై చేరుకుంటారు. ఇటువంటి తిరునాళ్లలో భక్తితోపాటు వినోదమూ ఉంటుంది. అంగళ్లు, ఆటలు, హరికథలు, నాటకాలు జనాన్ని కూడగడతాయి. స్థానిక సంస్థ తాగునీరు, పారిశుద్ధ్యం చూసుకోవాలి. అంగళ్ల నుంచి రుసుము వసూలు చేసుకోవచ్చు.

ఏడాదికి ఒకసారి వచ్చే వినోదానికి ఈ విధంగా లెక్కల పుస్తకంలో చోటు దొరికింది. ప్రతి సాయంత్రం కావలసిన వినోదానికి దొరకలేదు. ఆటస్థలం రాబడి తేదు. పైగా అది ఆక్రమించే భూమికి వేరే ఉపయోగాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

4. 'చేయవలసినవి', 'చేయదగినవి'

స్వాతంత్ర్యానంతరం గ్రామ పంచాయతీల చట్టాలు విస్తృతమయ్యాయి. 1950 నాటి మద్రాసు గ్రామ పంచాయతీల చట్టం, 1964 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రామ పంచాయతీల చట్టం, 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ఒకే నమూనాను అనుసరించాయి. 1994 చట్టంలో 45వ సెక్షన్ విధులను పేర్కొంటుంది. రోడ్లు, దీపాలు, మురుగుకాలువలు, తాగునీరు, శ్మశానాలు వాటిలో ఉన్నాయి. 46వ సెక్షన్ పంచాయతీ తన ఇష్టం మేరకు చేపట్టగల పనులను పేర్కొంటుంది. గ్రంథాలయాలు, పార్కులు, ఆటస్థలాలు, తాలింఖానాలు, క్లబ్బులు ఈ రెండవ జాబితాలోనివి.

ఈ రెండు సెక్షన్ల మధ్య భేదం చిన్నదిగా కనిపించవచ్చు. మురుగుకాలువ తీయించకపోతే పంచాయతీ విధి తప్పినట్లు. ఆటస్థలం ఏర్పరచకపోతే తప్పిన విధి ఏదీ లేదు. కనుక మొదటిదాన్ని పౌరుడు నిలదీసి అడగగలడు. రెండవదాన్ని వినయంగా కోరుకోగలడు, అంతే. ఒకటి ఫిర్యాదు, మరొకటి విన్నపం.

73వ, 74వ రాజ్యాంగ సవరణలు ఈ స్థితిని కొంత మార్చాయి. పన్నెండవ షెడ్యూలు పార్కులు, ఉద్యానాలు, ఆటస్థలాలను పట్టణ సంస్థల విషయాలలో పేర్కొంది. పదకొండవ షెడ్యూలులోని 29 అంశాలలో గ్రంథాలయాలు, సాంస్కృతిక కార్యకలాపాలు, సంతలు ఉన్నాయి. ఆటస్థలం మాత్రం పేరెత్తి చెప్పలేదు. పట్టణపు పిల్లవాడి ఆటను రాజ్యాంగం గుర్తించింది, పల్లె పిల్లవాడి ఆటను గుర్తించలేదు.

5. అర్జీ నుంచి తీర్మానం దాకా

ఆటస్థలం కోరుతూ ఇచ్చిన అర్జీ నడిచే దారిని గమనిస్తే చట్టం చేసిన విభజన ఆచరణలో ఎలా పనిచేస్తుందో అర్థమవుతుంది. అర్జీ అజెండాలోకి ఎక్కాలి. సభ్యులు తీర్మానం చేయాలి. ఆ తరువాత భూమి ప్రశ్న వస్తుంది. ఊళ్లో ఖాళీగా కనిపించే స్థలం పంచాయతీదే కానక్కరలేదు. అది రెవెన్యూ శాఖ అధీనంలోని పోరంబోకు అయితే తహసీల్దారు, కలెక్టరు కార్యాలయాల దాకా కాగితం నడవాలి. పాఠశాల మైదానం అయితే అది మరొక యాజమాన్యం కిందిది. భూమి తేలిన తరువాత అంచనా, ఆపైన నిధి.

నిధి దగ్గర మరో వడపోత ఉంది. పదిహేనవ ఆర్థిక సంఘం గ్రామ పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో 2021-22 నుంచి 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికి ముడిపెట్టింది. తక్కిన 40 శాతంలోనే ఇతర స్థానిక అవసరాలన్నీ పోటీపడవలసివచ్చింది. నీటికీ పారిశుద్ధ్యానికీ ప్రాధాన్యం ఇవ్వడాన్ని తప్పుపట్టలేము. 1865 నాటి ప్రాధాన్యక్రమం నూటయాభై ఏళ్ల తరువాత కూడా అదే వరుసలో నిలిచి ఉందన్నది మాత్రం గమనించదగిన విషయం.

6. పోలవరం: పునరావాస కాలనీలో ఆటస్థలం

ఈ చరిత్ర పోలవరం వద్ద ఊహించని మలుపు తిరిగింది. 45.72 మీటర్ల పూర్తి నీటిమట్టంతో రూపొందిన పోలవరం ప్రాజెక్టు వల్ల మూడు వందల డెబ్బైకి పైగా ఆవాసాలు, సుమారు లక్ష కుటుంబాలు నిర్వాసితమవుతాయి. ప్రాజెక్టు స్థలానికి సమీపంలోని రామయ్యపేట, దేవరగొంది, మామిడిగొంది, తోటగొంది, చేగొండపల్లి, సింగన్నపల్లి, పైడిపాక గ్రామాలు ముందుగా ఖాళీ అయ్యాయి. తొలి దశలో భూసేకరణ 1894 చట్టం కింద, పునరావాసం రాష్ట్ర ప్రభుత్వం 2005లో ప్రకటించిన విధానం కింద సాగాయి. 2014 జనవరి 1 నుంచి 2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టం అమలులోకి వచ్చింది.

ఆ చట్టంలోని మూడవ షెడ్యూలు పునరావాస ప్రాంతంలో విధిగా ఉండవలసిన కనీస సౌకర్యాల జాబితా. రోడ్లు, కాలువలు, తాగునీరు, పాఠశాలలతోపాటు అందులో పిల్లల ఆటస్థలం ఉంది. ప్రతి వంద కుటుంబాలకు ఒక సామాజిక భవనం ఉంది. ప్రతి యాభై కుటుంబాలకు ప్రార్థనాస్థలం, జనం కూడుకోవడానికి చెట్టుకింద అరుగు ఉన్నాయి. ఆ అరుగు తెలుగు పల్లెలకు తెలిసిన రచ్చబండే. గిరిజన సంప్రదాయ సంస్థలకు ప్రత్యేకంగా భూమి కేటాయించాలని కూడా షెడ్యూలు నిర్దేశించింది.

పంచాయతీరాజ్ చట్టంలో 'చేయదగినది'గా ఉన్న ఆటస్థలం ఇక్కడ 'చేయవలసినది' అయింది. అయితే ఈ హక్కు దక్కాలంటే పాత ఊరు పోవాలి. ఉన్న ఊరిలో ఉన్నంతకాలం ఆటస్థలం విన్నపంగానే ఉంది. ఊరు కోల్పోయినప్పుడు నష్టపరిహారంలో భాగంగా కనీస సౌకర్యాల పట్టికకు ఎక్కింది.

ఈ పట్టికకు మరో పరిమితి కూడా ఉంది. పాత ఊళ్లో వినోదానికి గీత గీసిన స్థలం లేదు. ఇసుకతిన్నె, రేవు, మామిడితోపు, అడవి అంచు అన్నీ ఆ పని చేశాయి. కొండరెడ్లు, కోయలు జరుపుకునే భూమి పండుగ, మామిడి పండుగ, డోలు మోతతో సాగే కొమ్ము నృత్యం ఆ నేలతో, ఆ రుతువులతో ముడిపడినవి. షెడ్యూలు ఆటస్థలాన్ని, భవనాన్ని, అరుగును లెక్కించగలిగింది. ఏటి ఒడ్డును లెక్కించలేదు. షెడ్యూల్డు ప్రాంతాలలో భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతుంది. 2013 చట్టం మరింత ముందుకు వెళ్లి సమ్మతి అవసరమంటుంది. ఊరికి ఏది ఆటస్థలమో చెప్పగల వేదిక ఆ గ్రామసభే.

ముగింపు

రాజమహేంద్రవరంలో 1890లో ఒక దాత పూరించిన లోటు, పంచాయతీ కాలంలో అర్జీలకు వదిలేసిన లోటు, పోలవరం పునరావాసంలో షెడ్యూలు పూరించదలచిన లోటు ఒకటే. స్థానిక పాలన ప్రజల ఆరోగ్యాన్ని తన బాధ్యతగా స్వీకరించింది, వారి తీరికను దాతలకూ తీర్మానాలకూ విడిచిపెట్టింది. 2013 చట్టం నిర్వాసితులకు కనీసమని గుర్తించినదాన్ని ఉన్న ఊళ్లకు కనీసంగా గుర్తించకపోవడానికి తగిన కారణం కనిపించదు. 46వ సెక్షన్‌లోని ఆటస్థలాన్ని 45వ సెక్షన్‌లోకి మార్చడం శాసనపరంగా చిన్న సవరణ. కాని దానితో యువకుల అర్జీ విన్నపంగా కాక ఫిర్యాదుగా నమోదవుతుంది. పంచాయతీ తీర్మానాల పుస్తకాలను చరిత్రకు ఆధారాలుగా సేకరించి భద్రపరిస్తే ఈ మార్పు అవసరాన్ని ఊరూరా నిరూపించే సాక్ష్యం వాటిలోనే లభిస్తుంది. ముంపు గ్రామాల విషయంలో ఈ పని మరీ తొందరగా జరగాలి. ఊరు నీటమునిగిన తరువాత ఆ ఊరు ఏమి కోరుకున్నదో చెప్పగల రాతలు ఆ పుస్తకాలే.