ఉద్యోగ పింఛను నుంచి తప్పుకోవడం (బ్రిటన్)

బ్రిటన్‌లో ఉద్యోగంలో చేరినవారిని యజమానే ఒక పింఛను పథకంలో చేర్చాలి. దీన్ని 'ఆటో ఎన్‌రోల్‌మెంట్' అంటారు. వద్దనుకున్నవారు తర్వాత బయటికి రావచ్చు, అది 'ఆప్ట్ అవుట్'. మన పీఎఫ్ ఎరిగినవారికి ఇది తిరగేసిన పద్ధతిలా తోస్తుంది. పీఎఫ్‌లో కాదనే వీలు 2014లో 15,000 రూపాయలకు పెంచిన వేతన పరిమితిని దాటి, అంతకుముందు సభ్యత్వం లేనివారికే ఉండేది. అదీ చేరే రోజున ఫారం 11 నింపేటప్పుడే. ఒకసారి సభ్యులైతే మళ్లీ ఆ మాట ఎత్తడానికి లేదు. బ్రిటన్‌లో ముందు అర్హులందరినీ లోపల కూర్చోబెట్టి, తలుపు మాత్రం తెరిచి ఉంచుతారు.

ఈ ఏర్పాటుకు మూలం 2002లో అడైర్ టర్నర్ అధ్యక్షతన ఏర్పడిన పింఛన్ల కమిషన్. జనం దాచుకోకపోవడానికి ఇష్టం లేకపోవడం కంటే ఫారం నింపే ఓపిక లేకపోవడమే పెద్ద కారణమన్నది ఆ కమిషన్ ఆలోచన సారాంశం. కాబట్టి ఆ బద్ధకాన్నే పొదుపు వైపు తిప్పారు. 2008 పింఛన్ల చట్టం కింద 2012 అక్టోబరులో పెద్ద సంస్థలతో మొదలుపెట్టి, 2018 నాటికి ఒక్క పనివాడున్న యజమానిని కూడా దీని కిందికి తెచ్చారు. ఇంట్లో ఆయాను పెట్టుకున్నవారూ అందులో ఉన్నారు. కోటి మందికి పైగా ఇలా చేరారు. తప్పుకునేది పదిమందిలో ఒకరు.

వయసు 22 ఏళ్లు నిండి, ప్రభుత్వ పింఛను వయసు రానివారిని, ఒకే యజమాని దగ్గర ఏడాదికి 10,000 పౌండ్లకు మించి సంపాదిస్తుంటే తప్పక చేర్చాలి. అంతకంటే తక్కువ వచ్చేవారు అడిగి చేరవచ్చు. వీసా మీద ఉన్నారా, పౌరులా అన్న తేడా లేదు. అందుకే మాస్టర్స్ పూర్తిచేసి గ్రాడ్యుయేట్ వీసా మీద ఉద్యోగం చూసుకున్న గుంటూరు కుర్రాడికైనా, వరంగల్ అమ్మాయికైనా మొదటి కొన్ని పేస్లిప్పుల్లోనే పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ కోతల కింద మూడో కోత కనిపిస్తుంది. "ఇదేంటి, ఎవరడిగారు?" అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది.

ఆ కోత లెక్క చూద్దాం. 2019 ఏప్రిల్ నుంచి కనీస చందా మొత్తం 8 శాతం. అందులో యజమానిది 3, ఉద్యోగిది 5. ఆ ఐదులోనూ ఒక వంతు పన్ను రాయితీగా ప్రభుత్వం ఇస్తుంది. ఈ శాతాలు మొత్తం జీతం మీద కాదు, 6,240 పౌండ్ల నుంచి 50,270 పౌండ్ల వరకు ఉన్న భాగం మీదే. ఏడాదికి 30,000 పౌండ్ల జీతం ఉంటే లెక్కకొచ్చేది 23,760. నెలకు ఉద్యోగి జేబులోంచి పోయేది 79.20 పౌండ్లు. దానికి ప్రభుత్వం 19.80, యజమాని 59.40 కలుపుతారు. ఖాతాలో పడేది 158.40, అంటే పెట్టినదానికి సరిగ్గా రెండింతలు. తప్పుకుంటే చేతికి వచ్చేది ఆ 79.20 మాత్రమే. యజమాని వాటా జీతంగా మారి రాదు, అది ఆ సంస్థలోనే మిగిలిపోతుంది. సీటీసీలో యజమాని పీఎఫ్ కూడా కలిపి చూపించే మన పద్ధతికి అలవాటుపడినవారు పొరబడేది సరిగ్గా ఇక్కడే.

మరి తప్పుకోవడానికి సరైన కారణాలు లేవా అంటే, ఉన్నాయి, కొన్నే. అన్నిటికంటే బరువైనది అప్పు. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఫీజు కట్టినవారి సంగతి తీసుకుందాం. బారువడ్డీ లెక్కన అసలుకు సమానంగా వడ్డీ పెరగడానికి 50 నెలలు పడుతుంది. చక్రవడ్డీ అయితే దాదాపు మూడేళ్లకే అప్పు రెట్టింపవుతుంది. పింఛను ఖాతాలో ఆ రెట్టింపు మొదటి రోజే జరుగుతుంది. ఏడాది రెండేళ్లలో తీరిపోయే అప్పయితే చందా ఆపడం నష్టం. అయిదారేళ్లు సాగి, వడ్డీ మీద వడ్డీ పడేదయితే ముందు అప్పే తీర్చాలి. ఇక అద్దె కట్టడానికే చాలని నెలలో ఈ లెక్కలేవీ పనికిరావు. పింఛను సొమ్ము 55 ఏళ్లకు ముందు చేతికి రాదు, 2028 ఏప్రిల్ 6 నుంచి ఆ వయసు 57. ఇరవై ఆరేళ్లవారికి అది ముప్పై ఒక్క ఏళ్ల ఎదురుచూపు.

తక్కువ జీతంతో యూనివర్సల్ క్రెడిట్ భత్యం పొందే స్థానికులకు ఇంకో లెక్క ఉంది. వారి ఆదాయాన్ని పింఛను చందా తీసేశాకే చూస్తారు కాబట్టి, చందా కట్టిన ప్రతి పౌండుకూ భత్యం 55 పెన్నీల వరకు పెరగవచ్చు. తప్పుకునేవారిలో చాలామంది ఈ మాట వినే ఉండరు.

"ఎలాగూ ఇంటికి వెళ్లిపోతాం కదా" అన్నది తెలుగువారిలో తరచూ వినిపించే వాదన. దేశం విడిచినంత మాత్రాన సొమ్ము పోదు. మదుపులో అలాగే ఉంటుంది, వయసు వచ్చాక అడిగి తీసుకోవచ్చు. పన్ను ఎక్కడ కట్టాలన్నది రెండు దేశాల మధ్య ఉన్న ఒప్పందాన్ని బట్టి తేలుతుంది. పోయేది సొమ్ము కాదు, జాడ. మారిన ఇల్లు, మూతపడిన ఈమెయిలు, మరిచిపోయిన పాస్‌వర్డ్ కలిసి చిన్న ఖాతాను కనపడకుండా చేస్తాయి.

ప్రభుత్వ పింఛను దీనికి వేరు. అది నేషనల్ ఇన్సూరెన్స్ మీద నడుస్తుంది, కనీసం పదేళ్ల చెల్లింపులుంటేనే వస్తుంది. ఉద్యోగ పింఛను నుంచి తప్పుకున్నా దానికి ఢోకా లేదు. తప్పుకుంటే నేషనల్ ఇన్సూరెన్స్ కోత కూడా ఆగుతుందనుకోవడం పొరపాటు.

బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేసే వైద్యుల విషయం మొత్తంగా వేరు. వారిలో ఆంధ్ర, తెలంగాణ కళాశాలల్లో చదివినవారు తక్కువేం లేరు. అక్కడి పథకంలో మదుపు ఖాతా ఉండదు. ఏటా జీతంలో 54వ వంతు పింఛనుగా జమకడతారు, అది ధరల పెరుగుదలకు మరో ఒకటిన్నర శాతం కలిపి పెరుగుతూ పోతుంది. 2024 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్‌లో యజమాని వాటా 23.7 శాతం. ఉద్యోగంలో ఉండగా మరణిస్తే కుటుంబానికి వచ్చే మొత్తమూ ఇందులోదే. ఉద్యోగి చందా పది శాతం దాటితే ఎవరికైనా ప్రాణం చివుక్కుమంటుంది, నిజమే. అయినా ఇంత రక్షణను ఆ డబ్బుతో బయట కొనడం కుదిరే పని కాదు. రెండేళ్లు నిండకుండా వెళ్లిపోయేవారు తమ చందాను పన్ను మినహాయించుకుని వెనక్కి తీసుకోవచ్చు.

తప్పుకునే పద్ధతిలో గడువే ప్రాణం. సభ్యత్వం మొదలైన తేదీ, దాని గురించి ఉత్తరం అందిన తేదీ, వీటిలో ఏది వెనకదైతే అక్కడి నుంచి ఒక నెల. నోటీసు ఫారాన్ని మామూలుగా పథకం నడిపేవారి దగ్గర తీసుకోవాలి, నింపి యజమానికి అందేలా చూడాలి. చేరకముందే సంతకం పెట్టించుకున్న కాగితం చెల్లదు. నెలలోపు అయితే కోసిన డబ్బు జీతంతో తిరిగి వస్తుంది. నెల దాటాక కూడా చందా ఆపవచ్చు, కానీ అప్పటిదాకా కట్టింది లోపలే ఉండిపోతుంది.

తప్పుకుంటే బోనస్ ఇస్తామని ఆశపెట్టడం, పింఛను వద్దన్నవారికే ఉద్యోగమనడం చట్టవిరుద్ధం. అలాంటి యజమాని మీద పింఛన్ల నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు.

ఒకసారి వద్దన్నవారిని కూడా యజమాని దాదాపు మూడేళ్లకోసారి మళ్లీ చేర్చాలి. అప్పుడు మళ్లీ ఉత్తరం వస్తుంది, మళ్లీ ఒక నెల గడువుంటుంది. ఉత్తరం తెరవనివారికి ఆ సంగతి పేస్లిప్‌లో 79.20 తగ్గాకే తెలుస్తుంది.