తోక లేని మౌసు

హైదరాబాదు నుండి విజయవాడ పోవు రహదారి మీద సూర్యాపేట, కోదాడ ఉన్నవి. సూర్యాపేటకు దక్షిణముగా, బియ్యపు మిల్లులకు పేరుపొందిన మిర్యాలగూడ కలదు. ఈ పట్టణములలోని యిండ్లలో కంప్యూటరు ప్రక్కన తీగ లేని మౌసు నేడు వింత వస్తువు కాదు. దరఖాస్తుకు గడువు తీరు రాత్రి విద్యార్థి దాని ముందు కూర్చుండును. తెరమీది బాణము ఒక క్షణము కదలక నిలుచును, మరుక్షణము ఎగిరి ప్రక్క గడిలో పడును. బ్యాటరీ మార్చినను ఫలితముండదు. మౌసు చెడినదని తలచి కొత్తది తెత్తురు. అదియు అట్లే గంతులు వేయును. దోషము మౌసులో లేకపోవుటయే ఇందుకు కారణము. అది ఎక్కడ ఉన్నదో తెలియవలెనన్న, ఈ చిన్న యంత్రము తన తోకను ఎట్లు పోగొట్టుకొన్నదో తెలియవలెను.

మౌసు తోకతోనే పుట్టినది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహించగా 1964లో బిల్ ఇంగ్లిష్ దానిని నిర్మించెను. ఒక కొయ్యపెట్టె, దాని అడుగున ఒకదానికొకటి అడ్డముగా రెండు చక్రములు, పైన నొక్కుటకు ఒక మీట. 1968 డిసెంబరు 9వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ దానిని సభలో ప్రదర్శించెను. ఆయన నౌకాదళములో రాడార్ పని నేర్చినవాడు. రేడియో తరంగములను అంతగా ఎరిగినవాడు మౌసుకు తీగనే పెట్టుట గమనింపదగినది. తీగలో పోవు సంకేతమునకు దారిలో పోటీదారుడు లేడు.

1984లో లాజిటెక్ సంస్థ పరారుణ కిరణములతో పనిచేయు తీగ లేని మౌసును చేసెను. టెలివిజన్ రిమోటు వలె దీనికిని ఎదురుగా అడ్డు ఉండరాదు. బల్లమీద పుస్తకము పెట్టిన పని ఆగును. 1991లో అదే సంస్థ రేడియో మౌసును తెచ్చెను. ఆ పిమ్మట చాలకాలము ఇట్టి మౌసులు 27 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యము మీద నడిచినవి. ఒకే గదిలో రెండు మౌసులున్నచో ఒకటి కదిపిన రెండవదాని బాణము కదలుట వినోదముగా ఉండెను గాని, పనికి చేటు. అందుచేత తయారీదారులు 2.4 గిగాహెర్ట్జ్ వద్దకు మరలిరి. ఇక్కడ తరంగదైర్ఘ్యము పన్నెండున్నర సెంటీమీటర్లు మాత్రమే కనుక చిన్న ఆంటెన్నా చాలును.

ఈ స్థలమునకు వేరొక ఆకర్షణ కలదు. అది ఎవరి సొత్తును కాదు. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ సమావేశము దానిని పరిశ్రమలు, వైద్యము, విజ్ఞానశాస్త్రముల అవసరములకు వదలినది. మైక్రోవేవ్ పొయ్యి అక్కడిదే. 1985లో అమెరికా అక్కడ లైసెన్సు లేని ప్రసారములకు వీలు కల్పించెను. మన దేశమున ఒకప్పుడు పాట వినుటకు సయితము పోస్టాఫీసులో రేడియో లైసెన్సు రుసుము కట్టవలసి ఉండెడిది. అట్టి దేశము 2005 జనవరిలో 2.4 నుండి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు గల పట్టీని స్వల్పశక్తి పరికరములకు లైసెన్సు లేకయే విడిచిపెట్టినది. అయితే ఒక షరతు కలదు: ఇతరులకు అంతరాయము కలిగింపరాదు, ఇతరుల వలన కలిగిన అంతరాయము నుండి రక్షణ కోరరాదు. ఊరి బందెలదొడ్డి కాదు, బంజరు. పొరుగువాని పశువు వచ్చి మేసినచో ఫిర్యాదు వినువారు లేరు. వైఫై, బ్లూటూత్, మౌసు, అన్నియు అక్కడనే మేయుచున్నవి.

గుంపులో దారి చూచుకొనుటకు ఒక ఉపాయము పూర్వమే కలదు. సినిమా నటి హెడీ లమార్, సంగీతకర్త జార్జి ఆంథైల్ కలిసి 1942లో పేటెంటు పొందిన విధానమున ప్రసారకము, గ్రాహకము రెండును 88 పౌనఃపున్యముల మీద ఒకే క్రమమున గంతులిడును. టార్పెడోల కొరకు ఉద్దేశింపబడిన ఆ యుక్తిని నౌకాదళము అప్పట్లో వాడుకొనలేదు. ఆ సూత్రమే బ్లూటూత్‌లోను కనిపించును: 79 మార్గములు, సెకనుకు 1600 గంతులు. 2003 నాటి రూపమున వైఫై ఆక్రమించిన మార్గములను తప్పించుకొను నేర్పు కూడ అబ్బినది.

ఇంత నేర్పును ఒక కొత్త పొరుగువాడు వమ్ముచేయగలడు. 2008లో వెలువడిన యూఎస్‌బీ 3.0 పద్ధతిలో సెకనుకు 500 కోట్ల బిట్లు పోవును. అంత వేగముగా ఎగసిపడు విద్యుత్తు వలన తీగ నుండియు, దాని కొన నుండియు సన్నని రేడియో రొద వెలువడును. అది 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ అంతటను పరచుకొనును కనుక గంతులిడియు తప్పించుకొనలేము. 2012లో ఇంటెల్ సంస్థ ఒక పత్రమున దీనిని కొలిచి చూపెను. బాహ్య డిస్కు ప్రక్క రంధ్రములోనే మౌసు గ్రాహకమును గుచ్చుట, పెండ్లి బాజాల ప్రక్కన కూర్చున్నవానిని వీధి చివరనుండి పిలుచుట వంటిది. మిల్లు మోటారును ఇక్కడ నిందింపనక్కరలేదు. మోటారు వేయునపుడు ఎగయు రవ్వలకు మీడియం వేవ్ రేడియో గరగరలాడును గాని, ఇంత ఎత్తైన పౌనఃపున్యముల వద్ద వాని బలము చాల తక్కువ.

పరీక్ష సులభము. డిస్కును ఊడదీసినంతనే బాణము సవ్యముగా నడచినచో దోషి దొరికినట్లే. మూరెడు యూఎస్‌బీ పొడిగింపు తీగతో గ్రాహకమును మౌసు సమీపమునకు తెచ్చిన చాలును. తోకలో కొంత తిరిగి వచ్చినదన్నమాట. గ్రాహకము కంప్యూటరు వెనుక ఇనుప పెట్టె చాటున గాని, బీరువా వైపున గాని ఉన్నను ఇదే చికిత్స. వైఫై రౌటరును ప్రక్క బల్లకు మార్చుట, ఫోనులను 5 గిగాహెర్ట్జ్‌కు మరల్చుట కూడ మేలుచేయును. డిస్కు తీసినను బాణము గంతులిడుచుండిన మౌసు క్రింద తెల్లకాగితము పరచి చూడవలెను. అద్దపు బల్లమీద మౌసు అడుగునగల కాంతిసాధనము దారి తప్పును; దానికిని రేడియోకును సంబంధము లేదు.