ఫ్లోరైడు నీటికి కొలత దొరికిన కథ

నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఉద్యోగం చేసిన మిత్రులకు ఫ్లోరైడు అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. గారపట్టిన పళ్ళు, వంగిన నడుములు, నడివయసుకే చేతికర్రలు మనం చూసినవే. కాని నీటిలో అది ఎంత ఉన్నదో కొలిచే సాధనం ఎలా వచ్చిందో తెలిసినవారు తక్కువ.

మన దేశంలో ఈ జబ్బును తొలిసారిగా 1937లో డాక్టర్ షార్ట్ బృందం వెల్లడించింది. ఆ పల్లెలు అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లావి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. 1955లో సిద్దిఖీ నల్లగొండ పరిస్థితిని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. జబ్బు తెలిసింది, కారణమూ తెలిసింది. కాని ఏ బావి మంచిది, ఏది చెడ్డది? ఆ నీళ్ళు చూడటానికి తేటగానే ఉంటాయి.

అప్పట్లో రంగే ఆధారం. జిర్కోనియం, అలిజరిన్ కలిసిన ఎర్రటి ద్రావకంలో నీళ్ళు పోస్తే ఫ్లోరైడు జిర్కోనియాన్ని లాక్కుంటుంది, ఎరుపు పసుపుకు తిరుగుతుంది. గాజు గొట్టాలు వరుసగా నిలబెట్టి, కంటితో పోల్చి అంకె వేసేవారు. క్షారమో సల్ఫేటో ఎక్కువగా ఉన్నా రంగు మారి అంకె తప్పేది. ఒక ఊరి మంచినీళ్ళు ఒకరి కంటిచూపు మీద ఆధారపడటం నాకెప్పుడూ సబబుగా తోచలేదు.

ఆమ్లత్వానికి మాత్రం 1909లోనే హేబర్, క్లెమెన్‌సీవిచ్ గాజు ఎలక్ట్రోడును వర్ణించారు. 1934లో అమెరికాలో బెక్‌మన్ దానికి మంచి మీటరు చేశాడు, అదీ నిమ్మరసం పులుపు కొలవడానికట! ఫ్లోరైడు వంతు 1966లో వచ్చింది. ఫ్రాంట్, రాస్ అనే ఇద్దరు అమెరికన్లు లాంథనం ఫ్లోరైడు స్ఫటికంలో కొద్దిగా యూరోపియం చేర్చి, దాన్ని ఎలక్ట్రోడు కొసన బిగించారు. ఆ స్ఫటికంలో ఫ్లోరైడు అయాన్లే కదులుతాయి. లోపల తెలిసిన ద్రావణం, బయట మన నీళ్ళు. రెంటి తేడా వోల్టేజిగా మీటరులో కనిపిస్తుంది. 25 డిగ్రీల వద్ద ఫ్లోరైడు పదిరెట్లయితే సుమారు 59 మిల్లీవోల్టుల మార్పు. నీళ్ళకు రంగున్నా, మడ్డిగా ఉన్నా ఫరవాలేదు.

అయితే దీనికీ ఒక మెలిక ఉంది. ఎలక్ట్రోడుకు విడిగా తిరిగే ఫ్లోరైడే తెలుస్తుంది. అల్యూమినియం పట్టుకున్నది తెలియదు; ఆమ్లం ఎక్కువైతే హైడ్రోజన్‌తో జత కట్టినదీ తెలియదు. అందుకే నీళ్ళలో సమపాళ్ళు బఫరు కలపాలి. అది పి.హెచ్‌.ను అయిదు, అయిదున్నర మధ్య నిలిపి, అల్యూమినియం పట్టు విడిపిస్తుంది.

మనకు ఇది మరీ ముఖ్యం. 1970లలో నాగపూర్ నీరీ సంస్థ రూపొందించిన నల్లగొండ పద్ధతిలో ఫ్లోరైడు తీసేది పటిక, సున్నాలతోనే. పటిక అంటే అల్యూమినియమే కదా! నేను స్టేట్‌మెంట్లు టైపు చేసిన ఒక కార్యాలయంలో, శుద్ధిచేసిన నీళ్ళను బఫరు లేకుండా పరీక్షించి, లీటరుకు 1 మిల్లీగ్రాముకు లోపేనని కాగితం తయారుచేశారు. సంతకానికి ముందు ఒక కెమిస్టు అడ్డం పడి, బఫరు కలిపి మళ్ళీ చూస్తే 1.5 దాటింది. అదే సీసా, అవే నీళ్ళు. 2012 నాటి భారతీయ ప్రమాణంలోనూ 1 వరకే సమ్మతం, వేరే ఆధారం లేనిచోట 1.5 వరకు ఓర్చుకోవచ్చు.

ఆ స్టేట్‌మెంటు చింపి మళ్ళీ టైపు చేశాము. పై నెల నుంచి రిజిస్టరులో "బఫరు కలిపినది/కలపనిది" అని ఒక గడి కొత్తగా గీయించారు.