లేని రామాయణానికి ఒక అర

14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా ఏలిన రోజుల్లో ఆయన ఆస్థానంలో ఉన్న కవి ఎర్రాప్రగడ, అంటే ఎర్రన. సొంత ఊరు గుడ్లూరు. కవిత్రయంలో మూడోవాడిగా తెలుగువాళ్లందరికీ తెలిసిన ఈ కవి రచనలను, వాటికి సంబంధించిన తాళపత్రాలను, ముద్రణలను, శాసనాలను ఒకచోట చేర్చాలనుకుంటే, చేర్చడం కన్నా ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఏది ఏ వరసలో పెట్టాలి? పైకి ఇది గ్రంథాలయ గుమాస్తా చూసుకునే పనిలా ఉంటుంది. నిజానికి కవి ఎవరో, ఏం రాశాడో సగం ఈ అమరికే నిర్ణయిస్తుంది. ఎర్రన విషయంలో కర్త పేరు, గ్రంథం పేరు అనే రెండు గుర్తులతో అమరిస్తే ఆయన కృషిలో పెద్ద భాగం కంటికి కనబడకుండా పోతుంది. ఏ రచన ఏ సాక్ష్యం ద్వారా మన దాకా వచ్చిందో ఆ సాక్ష్యాన్ని బట్టి అమర్చాలన్నది నా వాదన.

ముందు అరణ్యపర్వం చూద్దాం. నాలుగో ఆశ్వాసం 142వ పద్యం దగ్గర నన్నయ రచన ఆగిపోయింది. తిక్కన దాన్ని ముట్టుకోకుండా విరాటపర్వంతో మొదలుపెట్టాడు. రెండు వందల యేళ్లు దాటాక ఆ ఖాళీని పూరించిన ఎర్రన దాన్ని తన గ్రంథంగా చెప్పుకోలేదు. నన్నయ ఎవరికి అంకితమిచ్చాడో ఆ రాజరాజనరేంద్రుడికే అంకితంగా, ఆశ్వాసాంత గద్యల్లో నన్నయభట్టు పేరే నిలిపి రాశాడు. పర్వం చివర మాత్రం ఈ శేషం పూరించింది తానేనని తెలిపే మాట ఉంచాడు. తాళపత్ర గ్రంథాల జాబితా రాసేవాళ్లు సాధారణంగా చూసేది గద్యనే. ఎందుకంటే కర్త పేరు దొరికే చోటు అదే. గద్యను నమ్మితే అయిదు, ఆరు, ఏడు ఆశ్వాసాలు నన్నయ అరలోకి వెళతాయి. చివరి మాటను నమ్మితే ఎర్రన అరలోకి రావాలి. చివరి ఆకులు పోయిన ప్రతి ఒకటి దొరికిందనుకోండి. దాన్ని చూసినవారికి ఎర్రన పేరు తెలిసే దారే ఉండదు. ఒకే కవి, ఒకే రచన, ఆకులు ఎన్ని మిగిలాయన్నదాన్ని బట్టి కర్త మారిపోతాడు. అందుకే ప్రతి ప్రతికీ దాని కర్త ఎవరని రాస్తే చాలదు. ఆ సంగతి ఏ ఆకు మీద, ఎవరి మాటగా ఉందో కూడా రాయాలి.

ఇంతకన్నా కష్టమైనది రామాయణం. ఎర్రన రామాయణం రాశాడు. ఆయన పీఠికలే అందుకు సాక్ష్యం. ప్రోలయ వేమారెడ్డికి అంకితమిచ్చిన హరివంశం ఉంది, అహోబల నరసింహస్వామికి అంకితమిచ్చిన నృసింహపురాణం ఉంది, రామాయణం మాత్రం లేదు. 18వ శతాబ్దపు కూచిమంచి తిమ్మకవి తన లక్షణగ్రంథం సర్వలక్షణసారసంగ్రహంలో ఎర్రన రామాయణంలోవని కొన్ని పద్యాలు ఉదాహరించాడు. మామూలు పట్టికలో ఈ రామాయణానికి చోటు లేదు. ప్రతి లేనిదానికి సంఖ్య ఇవ్వరు కదా. తిమ్మకవి పుస్తకం లక్షణగ్రంథాల కింద, ఎర్రనకు ఎక్కడో దూరంగా ఉంటుంది. పట్టిక పట్టుకుని ఎర్రనను చదివేవారికి ఆయన హరివంశం, నృసింహపురాణం, భారతంలో కొంత రాసిన కవిగానే కనిపిస్తాడు. రామకథ చెప్పి రాజును మెప్పించిన కవి కనిపించడు. ఈ నష్టం చిన్నది కాదు. కావ్యం పోవడం కాలం చేసిన పని. ఆ కావ్యం ఉండేదన్న సంగతి కూడా మరుగున పడితే అది అమర్చినవారి పని.

పాత పట్టికలు ఈ పొరపాటు కావాలని చేయలేదు, వాటి అవసరాలు వేరు. కల్నల్ మెకంజీ 1821లో మరణించాక ఆయన సేకరించిన ప్రతులకు విల్సన్ 1828లో పట్టిక వేశాడు. భాషను బట్టి, విషయాన్ని బట్టి విడదీశాడు. విలియం టేలర్ 1857 నుంచి మద్రాసు ప్రతులకు వేసిన పెద్ద పట్టికలోనూ భాష, విషయం ముందుంటాయి. ఏ పుస్తకం ఎక్కడుందో వెతుక్కునే పండితుడికి అవి ఎంతో మేలు చేశాయి. మరో దారి బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి 1905లో అచ్చు వేయించిన నెల్లూరు జిల్లా శాసనాలది. అందులో శాసనాలు తాలూకాల వారీగా ఉంటాయి. అద్దంకి నాటి ఒంగోలు తాలూకాలోకి వస్తుంది, దర్శికి వేరే భాగం ఉంది. ఆ తరవాత ఎన్ని మార్పులు! 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడింది, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2022 పునర్విభజనలో అద్దంకి బాపట్ల జిల్లాకూ గుడ్లూరు నెల్లూరు జిల్లాకూ వెళ్లాయి. అలా కవి సొంత ఊరు ఒక జిల్లాలో, కొలువు చేసిన ఊరు మరో జిల్లాలో పడ్డాయి. జిల్లాల గీతలు పట్టుకుని ఎర్రనను అమర్చితే ప్రతి పునర్విభజనకూ పట్టిక తిరగరాయాలి. ఇక గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ రూపొందించిన కోలన్ వర్గీకరణలో సాహిత్యకారుడికి సంఖ్య అతని జన్మ సంవత్సరాన్ని బట్టి వస్తుంది. ఎంతో తర్కబద్ధమైన పద్ధతి అది, ఆధునిక కవులకు చక్కగా అమరుతుంది. కానీ ఎర్రన పుట్టిన యేడు ఏ పీఠికలోనూ లేదు. ఊహించిన యేడు ఒకటి సంఖ్యలో దూరితే, కొన్నాళ్లకు అదే ఆధారమై కూర్చుంటుంది.

సాక్ష్యాన్ని బట్టి అమర్చాలన్న నా వాదనకు రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది పాఠకుడిది. నృసింహపురాణం కావాలని వచ్చినవాడికి ఈ సాక్ష్యాల గొడవంతా ఎందుకు? న్యాయమైన ప్రశ్నే. పుస్తకం పేరుతో వెతికే సూచిక తప్పకుండా ఉండాలి. అది లేని భాండాగారం ఎవరికీ ఉపయోగపడదు. నేనంటున్నది సూచిక గురించి కాదు, అసలు అమరిక గురించి. సూచిక ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ఏ ప్రతి ఎక్కడి నుంచి వచ్చింది, దేనితో కలిపి కట్టి ఉంది అన్న వివరం ఒకసారి చెదిరితే తిరిగి రాదు. రెండోది పండితుడిది, దీనికి బలం ఎక్కువ. ఎర్రనకు నాలుగు వందల యేళ్ల తరవాతి తిమ్మకవి ఉదాహరణలు నిజంగా ఎర్రనవేనని ఏమిటి నమ్మకం? లక్షణకర్తలు జ్ఞాపకం మీద ఉదాహరిస్తారు, ఒకరి పద్యం మరొకరికి అంటగట్టిన సందర్భాలూ ఉన్నాయి. ఈ సందేహం ఉంది కాబట్టే సాక్ష్యాన్ని బట్టి అమర్చమంటున్నాను. ఆ పద్యాలను ‘ఎర్రన రామాయణం’ అని పేరు పెట్టి కావ్యాల పక్కన ఉంచితే సందేహం మాయమై అవి నిశ్చయంగా ఎర్రనవైపోతాయి. సందేహమని తీసేస్తే పద్యాలే పోతాయి. ‘తిమ్మకవి ఎర్రన పేరుతో ఉదాహరించినవి’ అని ఉంచితే పద్యమూ మిగులుతుంది, అనుమానమూ మిగులుతుంది. రేపు మరో లక్షణగ్రంథంలో అదే పద్యం మరొకరి పేరుతో కనిపిస్తే ఆ కాగితాన్ని దీని పక్కన పెట్టవచ్చు.

వేటూరి ప్రభాకరశాస్త్రి ‘ప్రబంధ రత్నావళి’లో చేసింది చాలావరకు ఇదే. కావ్యాలు పోయిన కవుల పద్యాలను పాత సంకలనాల నుంచి ఏరి, ఎవరి పేరున దొరికాయో ఆ పేరున నిలిపారు. మనకు కొత్తగా కావలసింది ఆ పద్ధతిని ఒక కవి భాండాగారానికి అన్వయించడం. ఎర్రనకు నాలుగు అరలు చాలు. తన పేరుతో రాసి ప్రతులు మిగిలినవి ఒకటి. మరొకరి పేరుతో రాసి తనదని చెప్పినవి, అంటే అరణ్యపర్వ శేషం, రెండోది. దాన్ని నన్నయ అరలోనూ చూపించాలి, ఎందుకంటే నన్నయ పేరున ఉంచాలన్నది ఎర్రన సొంత నిర్ణయం. ఇతరులు ఉదాహరించినవి మూడోది. నాలుగోదానిలో గ్రంథం ఉండదు. రామాయణాన్ని ప్రస్తావించిన పీఠికా పద్యాల నకళ్లు, ఏ ప్రతిలో ఏ ఆకు మీద ఉన్నాయన్న వివరం, ఇప్పటిదాకా ఎవరు ఎక్కడ వెతికారన్న జాబితా ఉంటాయి. చెన్నై, హైదరాబాదు, తిరుపతి ప్రాచ్యలిఖిత భాండాగారాల్లో, 1918 నుంచి నడుస్తున్న వేటపాలెం సారస్వత నికేతనంలో, దర్శి, అద్దంకి పల్లెల ఇళ్లలో మిగిలిన కట్టల్లో వెతికేవారు పని మొదలుపెట్టవలసింది ఆ నాలుగో అర దగ్గర.